పొయ్యికి పీవీసీ గొట్టం పెట్టిన పెద్దమనిషికి ఓ దండం

బాత్రూం నీళ్ళు బయటికి పోవడానికి వేసే పీవీసీ పైపు తెలుసు కదా, నాలుగంగుళాల బూడిదరంగుది. సరిగ్గా దాన్నే మా అమ్మ కట్టెల పొయ్యికి పొగగొట్టంగా బిగించి, కూలి డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు ఒక మేస్త్రీ. పేరు చెప్పను, ఊళ్ళో మళ్ళీ మొహాలు చూసుకోవాలి. రెండో రోజు సాయంత్రం అమ్మ ఫోను. "బాబూ, గొట్టం ఒంగిపోతంది, ఏటి సేయమంటావు?" వీడియో కాల్లో చూస్తే ఏనుగు తొండం దించినట్టు పైపు కిందికి వాలిపోయి ఉంది. కింద పొయ్యి మీద గేదెకి ఉలవలు నిక్షేపంగా ఉడుకుతున్నాయి.

ముందు నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక భయం వేసింది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. పొయ్యిలోంచి అప్పుడే బయటపడిన పొగ వేడి వందల డిగ్రీలు ఉంటుంది. ఆ పైపు అంటుకుని కాలితే వచ్చేది హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి, బాత్రూం కడిగే యాసిడ్ ఉందే, అదే సరుకు. పొగ పీల్చకుండా ఉంటుందని అమ్మకి గొట్టం పెట్టిస్తే, ఆమె చేత యాసిడ్ పీల్పించబోయాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్కన. నేను ఉండేది విశాఖలో. గ్యాసు ఉండగా ఇంకా కట్టెల పొయ్యి ఏంటని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. దీపం-2 పథకాన్ని ముఖ్యమంత్రి 2024 నవంబరు 1న మొదలుపెట్టింది మా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, అమ్మకీ అందుతున్నాయి. కూర, అన్నం, టీ గ్యాసు మీదే. కానీ స్నానాలకి కాగు నీళ్ళు, గేదెకి దాణా, సంక్రాంతికి అరిసెలు, తేగల రోజుల్లో తేగలు కూడా గ్యాసు మీదే చేసే ఇల్లు మా వీధిలో ఒక్కటి చూపించండి. పెరట్లో కొబ్బరి మట్టలు ఊరికే పడి ఉంటే సిలిండరు ఎవరు ఖర్చు పెడతారు? ఇంకో కారణం తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను మా జిల్లాలోనే తీరం దాటింది. రోడ్ల నిండా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు. కరెంటు లేదు, గ్యాసు బండి రాలేదు. అమ్మ వసారాలో మూడు ఇటుకలు పెట్టి, తడిసిన మట్టలు ఊదుకుంటూ గంజి కాచింది. ఆ రోజులు చూసిన మనిషికి పొయ్యి తీసెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు.

నా గోల పొయ్యి గురించి కాదు. గ్యాసు వచ్చాక మా ఇళ్ళల్లోంచి పొయ్యి పోలేదు, పొయ్యి గురించిన ధ్యాస పోయింది. గ్యాసు బిగించడానికి మనిషి వస్తాడు, పైపుకి గడువు ఉంటుంది. మోటారు బిగించడానికి మెకానిక్ కావాలి. కట్టెల పొయ్యి మాత్రం ఎవరైనా వెయ్యొచ్చు, ఎక్కడైనా వెయ్యొచ్చు. చూరు కిందా, గడ్డికుప్ప పక్కనా, కట్టెలు పేర్చిన అటక కిందా. రోజూ నిప్పు ఉండే చోటు అది, దానికి తప్ప అన్నిటికీ మేస్త్రీ ఉన్నాడు మనకి.

మా నాయనమ్మ ఇరవై ఏళ్ళు దగ్గింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "అడ్డపొగ తాగేవారా?" మా వైపు ముసలివాళ్ళు చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాలుస్తారు కదా, అందుకని. నాయనమ్మ చుట్ట ముట్టలేదు. ముట్టిందల్లా ఊదుగొట్టం. ఉద్దానం అనగానే బయటివాళ్ళకి కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి, మాకూ ఏ రోగం వచ్చినా నీళ్ళనే అనుమానించడం అలవాటైపోయింది. కిటికీ లేని వంటింటిని ఎవరూ అనుమానించరు. ఇళ్ళల్లో పొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఐదేళ్ళలోపు పిల్లలే రెండు లక్షల ముప్ఫై వేలకి పైగా.

పొగ అయితే కనిపిస్తుంది, కళ్ళు మండుతాయి, బయటికి పరిగెడతాం. కనిపించనిది ఇంకోటి ఉంది. మా అప్ప, అంటే అక్క, పురిటికి వచ్చినప్పుడు మార్గశిరం, మంచు. బాలింత గది కదా, తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద కుంపటి పెట్టారు. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ చుక్క లేదు, బాగా రాజుకున్నాయని అందరూ సంతోషపడ్డారు. తెల్లారేసరికి అప్పకి తల పగిలిపోతోంది, వాంతులు. పక్కన పడుకున్న అమ్మకీ అదే. చంటిది పాలు తాగకుండా మగతగా పడి ఉంది. ఇంట్లో వాళ్ళు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. దిష్టి తీయడానికి తలుపులు బార్లా తెరిచారు చూడండి, అదే వాళ్ళని బతికించింది. ఆ మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. పొగ లేకుండా మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడికి లేవాలని కూడా తెలియదు. ఇప్పటికీ పురుడు అనగానే కుంపటి వెతికే పెద్దమ్మలందరికీ కాళ్ళు పట్టుకుని చెబుతున్నాను, కుంపటిని మూసిన గదిలో పెట్టొద్దు. గది వేడెక్కాలంటే ఎవరూ లేనప్పుడు వేడి చేసి, కుంపటి బయట పెట్టేసి, గాలి మారాక బాలింతని పడుకోబెట్టండి.

సరే, గొట్టం దగ్గరికి వద్దాం. వంగిన పైపు పీకేసి, ఈసారి నేనే సెలవు పెట్టుకుని వెళ్ళాను. కంచిలిలో వెల్డింగు షాపు అతను ముందు నాకేసి జాలిగా చూశాడు. పొయ్యికి ఇన్ని కొలతలేంటి సార్ అని. పొయ్యి వెనక కన్నం ఎంత వెడల్పో గొట్టం అంతకన్నా సన్నం కాకూడదు. నల్ల ఇనప గొట్టం కావాలి, మొదటి ముక్కకి జింకు పూత వద్దు, వేడికి ఆ పూత లేచిపోతుంది, మరీ కాలితే దాని ఆవిరి మంచిది కాదు. ఎక్కడా తొంభై డిగ్రీల మడత వద్దు, నిటారుగా పోవాలి. తప్పనిసరైతే అందులో సగం, నలభై ఐదు డిగ్రీల మడత ఒకటి. అతికే చోట పై ముక్క కింది ముక్కలోకి దూరాలి. ఇక్కడే పెద్ద వాదన. పొగ పైకి పోతుంది కాబట్టి కింది ముక్కే పై ముక్కలోకి వెళ్ళాలని అతని లెక్క. కానీ పొగ చల్లబడినప్పుడు గొట్టం లోపల తారులాంటి చెమట పట్టి కిందికి కారుతుంది. పై ముక్క లోపలికి ఉంటే అది తిరిగి పొయ్యిలోకే పోతుంది. లేకపోతే అతుకులోంచి గోడ మీద కారుతుంది. మా మామయ్య వాళ్ళ వంటింటి గోడ చూపించాక ఒప్పుకున్నాడు.

ఎత్తు సంగతి మరీ ముఖ్యం. మా వీధిలో ఉన్న రెండు మూడు గొట్టాలూ కప్పు దాటి జానెడు పైకి వచ్చి ఆగిపోతాయి, టోపీ పెట్టిన కుర్రాడు తలుపు చాటు నుంచి తొంగి చూసినట్టు. అమెరికాలో ఒక లెక్క పాటిస్తారు. గొట్టం కప్పు దాటాక కనీసం మూడడుగులు పైకి ఉండాలి, చుట్టూ పదడుగుల లోపల ఉన్న ఏ కప్పు కన్నా అయినా రెండడుగులు ఎత్తుండాలి. చలి దేశం వాళ్ళ లెక్క మనకెందుకంటారేమో. గాలి కప్పు అంచుకి కొట్టుకుని కిందికి దిగడం అక్కడా ఇక్కడా ఒకటే. సముద్రపు గాలి మాకు కొంచెం ఎక్కువే.

కప్పు మాకు సిమెంటు రేకులు. పాత ఆస్బెస్టాస్ రేకుని పొడిగా కోస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లో జీవితాంతం ఉండిపోతుంది, బాగా వేడెక్కితే రేకు టపాకాయలా పగులుతుంది. అందుకే ఒక రేకు మొత్తం తీసేసి, దాని చోట ఇనప రేకు వేసి, అందులోంచి గొట్టం పంపించాం. తాటి వాసాలకీ గొట్టానికీ మధ్య అడుగున్నర ఖాళీ ఉండేలా పొయ్యినే జరిపాను. అమ్మకి నచ్చలేదు, పొయ్యి ఈశాన్యం వైపు పోతోందని. ఆగ్నేయమే అమ్మా, కొంచెం గోడకి దూరం అంతే అని దిక్కులు చూపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏళ్ళ తరబడి వేడి తగిలిన చెక్క లోపల్లోపల బొగ్గవుతూ వస్తుంది, తర్వాత మునుపటికన్నా తక్కువ వేడికే అంటుకోవచ్చు. ఇరవై ఏళ్ళు ఏమీ కాలేదు కదా అనే మాట అందుకే నన్ను భయపెడుతుంది. ఇక తాటాకు పాకలో గొట్టం కప్పులోంచి తీస్తామనే వాళ్ళుంటే, దయచేసి తీయకండి. ఆ పొయ్యి పాక బయట, పెంకుల కింద వేసుకోండి. ఎండాకాలంలో ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా పోవడం మనం చూడనిదా?

పొగ పోవడానికి దారి ఇచ్చి, గాలి రావడానికి ఇవ్వకపోతే అదీ దండగే. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి కిటికీలు మూస్తే, ఆ ఫ్యాను గొట్టంలోంచే గాలి లాక్కుంటుంది. పొగ వెనక్కి వస్తుంది. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు, పొయ్యి నోటి దగ్గర అగరొత్తి పట్టుకోండి, పొగ ఎటు పోతుందో అదే చెబుతుంది. ఇంగ్లండులో 2010 నుంచి కట్టెల పొయ్యి కొత్తగా బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాల్సిందే. నేనూ ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాను. బ్యాటరీ అయిపోయి అర్ధరాత్రి కుయ్ కుయ్ అంటుంటే అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది.

ఏం కాలుస్తున్నామన్నది ఇంకో కథ. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల తొక్క చవగ్గా దొరుకుతుంది, భగ్గున మండుతుంది. దాని నూనె చేతికి తగిలితేనే బొబ్బలు, దాని పొగ ఇంట్లో ఎందుకు? గొట్టం లోపల కూడా జిగురు పట్టేస్తుంది. సరుగుడు కట్టె మంచిది, కానీ కొట్టి నెలల తరబడి ఎండాలి. ఈనెల కొట్టినది ఈనెల పెడితే మంట నీళ్ళు ఆవిరి చేయడానికే సరిపోతుంది, మిగతాదంతా పొగే.

నిజానికి ఇదంతా కొత్త కాదు. 1983 తర్వాత ప్రభుత్వం ఊరూరా 'పొగ లేని పొయ్యి' ఇచ్చింది, 2002లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. మా వీధిలోవి నాకు గుర్తే. గొట్టం మసితో పూడుకుపోయింది, ఎవరూ దులపలేదు, చివరికి ఆ గొట్టాలు వాన నీళ్ళు పట్టుకోవడానికి చూరు కిందికి చేరాయి. పక్కనే ఒడిశాలో హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు సుమారు 2,600 కుటుంబాలని ఏళ్ళ తరబడి గమనించారు. గొట్టం పొయ్యి ఇచ్చిన మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా మాయమైంది. జనం పొయ్యిని సరిగ్గా వాడలేదు, బాగుచేయించుకోలేదు. ఎవరినీ తప్పుపట్టను. అది దులపాలని చెప్పినవాడు ఉంటే కదా!

మేం దులపడానికి పెట్టుకున్న సరంజామా చెబితే నవ్వుతారు. పొడవాటి వెదురు కర్రకి కొబ్బరి ఈనెల చీపురు తిరగేసి కట్టాను. పొయ్యి పూర్తిగా చల్లారాక నెలకోసారి పై టోపీ తీసి తిప్పితే బస్తా మసి రాలుతుంది. మసి పొడిగా, మెత్తగా ఉంటే పర్వాలేదు. మెరిసే నల్ల పెచ్చులుగా ఉంటే కట్టెలు పచ్చివని అర్థం, ఆ పెచ్చులే ఒకరోజు గొట్టంలో అంటుకుంటాయి. అప్పుడు లోపల లారీ పోతున్నట్టు శబ్దం వస్తుందట. పైనుంచి నీళ్ళు పోయకండి, వేడి గొట్టం పగులుతుంది. పొయ్యి నోరు మూసి, అందరూ బయటికొచ్చి 101కి ఫోను చెయ్యండి. బూడిద కూడా అంతే, చల్లారినట్టే ఉంటుంది. మా చిన్నాన్న గోనెసంచిలో ఎత్తి పశువులశాలలో పెట్టాడు, మర్నాడు మధ్యాహ్నం సంచీ లేదు, దాని పక్కనున్న గడ్డీ లేదు. ఇనప బకెట్టు, మూత, ఆరుబయట. అంతకు మించి చెప్పడానికేం లేదు.

మొత్తం ఖర్చు ఒక మామూలు మొబైల్ ఫోను ధర కూడా కాలేదు. అయినా పని జరుగుతున్నంతసేపూ అమ్మ గుమ్మంలో నిలబడి ఒకటే మాట, "ఈ గొట్టం నేకపోతే ఇన్నాళ్ళూ మనం బతకనేదేటి?" నాయనమ్మ పేరు ఎత్తాక ఇంక మాట్లాడలేదు. సాయంత్రం కాగు పెట్టింది. పొగ నేరుగా గొట్టంలోకి లాగేసింది. కాసేపు చూసి, అలవాటు చొప్పున కళ్ళు తుడుచుకోబోయి, చెంగు దించేసింది.

అంతా బాగుందనుకుంటుండగా నిన్న మళ్ళీ వీడియో కాల్. వెనకాల చూస్తే గొట్టానికి ఆనించి వరసగా పచ్చి కొబ్బరి మట్టలు నిలబెట్టి ఉన్నాయి, పైన తీగ కట్టి నా పాత లుంగీ ఆరేసింది.

"అమ్మా, ఏంటది?"

"ఎచ్చగుంది గదేటి, బేగి ఆరిపోతాయని ఎట్టినాను."

శనివారం రైలుకి టిక్కెట్టు తీశాను. లుంగీ అప్పటిదాకా ఉంటుందో లేదో.