డెడ్ ఆఫ్ వింటరా, నెమెసిస్సా? ఉమ్మడి గాదె ఉన్న ఆటే కొనండి

కలిసి ఆడుతూనే ఒకరినొకరు అనుమానించుకునే బోర్డ్ గేమ్ ఒకటి కొనాలి, డెడ్ ఆఫ్ వింటర్ తీసుకోవాలా, నెమెసిస్ తీసుకోవాలా అని ఈమధ్య స్నేహితులు తరచూ అడుగుతున్నారు. రెండింటికీ డబ్బు పెట్టడం చాలామందికి కుదరదు. రెండు ఆటల్లోనూ ఆపద అందరిదీ, రహస్య లక్ష్యం మాత్రం ఎవరిది వారిదే. రెండూ నలుగురైదుగురు ఉంటేనే రక్తి కడతాయి. నా సమాధానం డెడ్ ఆఫ్ వింటర్. నెమెసిస్ ధర దానికన్నా బాగా ఎక్కువే. అయినా రెండూ ఒకే ధరకు వచ్చినా నా మాట మారదు.

డెడ్ ఆఫ్ వింటర్ 2014లో వచ్చింది. జాంబీలు చుట్టుముట్టిన చలికాలంలో ఒక చిన్న కాలనీని బతికించుకోవాలి. నెమెసిస్‌ను పోలండ్ కంపెనీ అవేకెన్ రియల్మ్స్ 2018లో, జనం నుంచి ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో పెట్టింది. అందులో అంతరిక్ష నౌకలో గాఢనిద్ర నుంచి లేచేసరికి లోపల వింతజీవులు తిరుగుతుంటాయి. కథలు ఇవీ. ఇక నేరుగా తేడా దగ్గరికి వస్తాను.

నెమెసిస్‌లో గెలుపు పూర్తిగా సొంతం. మొదట ప్రతి ఒక్కరి చేతిలో రెండు లక్ష్యాలుంటాయి, మొదటి జీవి కంటపడగానే వాటిలో ఒకటి ఉంచుకుని రెండోది వదిలేయాలి. ఆ లక్ష్యం నెరవేరి, ప్రాణంతో బయటపడితే మీరు గెలిచినట్టే. పక్కవాడు ఏమయ్యాడన్నది మీ లెక్కలో ఉండదు. కొన్ని లక్ష్యాలైతే ఫలానా ఆటగాడు బతకకూడదనే అంటాయి. నౌకకు మూడు ఇంజన్లు. వాటిని తనిఖీ చేసినవాడు బాగున్నాయో పాడయ్యాయో తనొక్కడే చూసుకుని, మిగతావాళ్లకు అబద్ధం చెప్పొచ్చు. భలే టెన్షన్‌గా ఉంటుంది, నిజమే. కానీ అందరూ కలిసి నిలబెట్టుకోవాల్సింది ఏదీ అక్కడ లేదు. అవసరం ఉన్నంతసేపు పక్కన నడుస్తారు, తర్వాత ఎవరి దారి వారిది.

డెడ్ ఆఫ్ వింటర్‌లో గాదె ఉంది. ప్రతి రౌండ్ చివర కాలనీలో ఉన్న ప్రతి ఇద్దరికీ ఒక తిండి టోకెన్ చొప్పున ఉమ్మడి నిల్వలోంచి తీయాలి. ఏ పనీ చేయలేని నిస్సహాయులకు కూడా పెట్టాలి. తిండి చాలకపోతే గుంపు ధైర్యం పడిపోతుంది, అది సున్నాకు చేరితే ఆట ముగుస్తుంది. వాడేసిన కార్డుల గుట్టను ఎవరో ఒకరు ఊడ్చాలి, లేకపోతే పది కార్డులకు ఒక మెట్టు చొప్పున ధైర్యం తగ్గుతుంది. ఇంట్లో చెత్త ఎవరు తీయాలన్న గొడవ బల్ల మీదికి వచ్చినట్టే ఉంటుంది. దీనికితోడు ప్రతి రౌండ్‌లో ఒక సంక్షోభం. దాన్ని గట్టెక్కడానికి అందరూ తమ చేతిలోని కార్డులు బోర్లా వేస్తారు. వాటిని కలిపేసి తిప్పి చూస్తారు కాబట్టి ఎవరు ఇచ్చారో, ఎవరు ఇచ్చినట్టు నటించారో తేలదు. అందరికీ ఉమ్మడిగా ఉండే కాలనీ లక్ష్యం నెరవేరకపోతే, కాలనీలో మిగిలినవాళ్లలో ద్రోహి, అంటే కాలనీని ముంచడమే రహస్య లక్ష్యమైనవాడు, తప్ప ఎవరూ గెలవరు. అది నెరవేరినా, మీ రహస్య లక్ష్యం కూడా పూర్తయితేనే మీరు గెలిచినట్టు. ఆ రహస్యాల్లో చాలావరకు, ఆట ముగిసేసరికి ఫలానా వస్తువులు మీ దగ్గర మిగిలి ఉండాలనేవే. అంటే గాదెలో వేయాల్సిందే మీరు దాచుకోవాలి.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో ఐదుగురం ఆడాం. మూడో రౌండ్‌లో మందులు కావాలన్న సంక్షోభం వచ్చింది. అంతకుముందే మా బావ ఆసుపత్రిలో వెతుకుతూ మందుల కార్డు ఒకటి అందరికీ చూపించాడు. తిప్పి చూస్తే గుట్టలో మందులు చాలలేదు. "బావా, నీ దగ్గర ఉన్నాయి కదా, ఎందుకు వేయలేదు?" అన్నాను. "వేశానమ్మా, కావాలంటే లెక్కపెట్టుకో" అన్నాడు. ఎలా లెక్కపెడతాం? పిన్ని బహిష్కరణకు ఓటింగ్ పెట్టింది, నలుగురం చేతులెత్తి ఆయన్ని కాలనీ నుంచి పంపేశాం. పనిచేసే చేతులు తగ్గాయి, రెండు రౌండ్లకే కాలనీ కూలింది. చివర్లో లక్ష్యాల కార్డులు తిప్పితే ద్రోహి ఎవరూ లేరు. బావకు కావలసిందల్లా చివరిదాకా చేతిలో రెండు మందుల కార్డులు.

ఈ ఆటలో నన్ను కట్టిపడేసేది ఇదే. సర్దేటప్పుడు మనిషికి రెండు చొప్పున మామూలు లక్ష్యాలు తీసి, వాటిలో ఒకే ఒక్క ద్రోహి కార్డు కలిపి, తలా ఒకటి పంచుతారు. ఐదుగురు ఆడితే పదకొండు కార్డుల్లో ఐదు పంచుతాం. ద్రోహి కార్డు ఎవరి చేతికైనా వచ్చే అవకాశం సగం కన్నా తక్కువ. అంటే సగానికి పైగా ఆటల్లో మనం ద్రోహి అనుకునేవాడు, తనకంటూ రెండు దాచుకున్న మామూలు మనిషే. మనలాంటివాడే.

నెమెసిస్ అభిమానుల వాదన నాకు తెలుసు. దాని బొమ్మలు అద్భుతం, ఒంటరిగా కూడా ఆడొచ్చు, అడుగు వేసిన ప్రతిసారీ, జీవి వస్తుందో రాదో తేల్చే చప్పుడు పాచిక వేస్తుంటే గుండె గొంతులోకి వస్తుంది. డెడ్ ఆఫ్ వింటర్ మీద వాళ్లు చూపే లోపం కూడా గట్టిదే. తన లక్ష్యం ఇక కుదరదని తెలిసినవాడు "నేను గెలవకపోతే ఎవరూ గెలవొద్దు" అని కాలనీని ముంచేయొచ్చు. నిజమే, ముంచేయొచ్చు. నా దృష్టిలో ఆ ఆటను కొనడానికి అసలు కారణమే అది. అలాంటివాణ్ణి చివరిదాకా మనతో నిలుపుకోవడమే అక్కడ పని. అతని లక్ష్యం ఏమిటో పసిగట్టి, ఒక కార్డు అతనికి వదిలేయాలి. ఆ నేర్పు నెమెసిస్ అడగదు.

మన ఆటలు కూడా దీన్ని అడగలేదు. అష్టాచెమ్మా, వైకుంఠపాళి, పేకాట, అన్నింట్లోనూ ఎవరి పందెం వారిదే. పులిజూదం ఒక్కటే దగ్గరగా వచ్చింది. మూడు పులుల్ని పదిహేను మేకలు కలిసి కట్టడి చేయాలి. అయితే ఆ మేకలన్నిటినీ నడిపేది ఒకే చెయ్యి. ఒక్కో మేకకు ఒక్కో మనసు, ఒక్కో రహస్యం ఉంటే ఆ పులుల్ని కట్టడం ఎంత కష్టమో మన ఆటలు ఎప్పుడూ చూపించలేదు.

ఊళ్లు మాత్రం చూపించాయి. ఒకే భూగర్భ జలం మీద పక్కపక్కనే బోర్లు వేసుకున్న రైతులు ఆడుతున్నది అచ్చంగా డెడ్ ఆఫ్ వింటరే. గాదె నేల కింద ఉంది, కంటికి కనపడదు. నా బోరు లోతు చేస్తే నీ బోరు ఎండుతుంది. బోర్ల తవ్వకాన్ని అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం తెచ్చారు. కాగితం మీద బాగానే ఉంది. పొలం గట్టు మీద రైతును ఆపేది చట్టం కన్నా ఎక్కువగా "నేను ఆగితే పక్కవాడు ఆగుతాడా" అన్న సందేహం తీరడమే.

ఆ సందేహాన్ని బల్ల మీద పెట్టి చూసినవాళ్లున్నారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, ఇఫ్‌ప్రి (అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థ) పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పల్లెల్లో రైతులతో ఒక ఆట ఆడించారు. తక్కువ నీటితో తక్కువ రాబడి వచ్చే పంట ఒకటి, ఎక్కువ నీరు తాగి ఎక్కువ డబ్బిచ్చే పంట ఇంకొకటి. ఏది వేస్తారో ఎవరికి వారే గుట్టుగా ఎంచుకోవాలి, నీళ్లు మాత్రం అందరివీ. కొన్ని రౌండ్లు మాట్లాడుకోకుండా, తర్వాత కొన్ని మాట్లాడుకుని ఆడారు. ఆట అయ్యాక ఊరివాళ్లు కూర్చుని చర్చించుకున్నారు. 2018లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, ఆట ఆడిన చోట్ల నీటి లెక్కల రిజిస్టర్లు, వాడకానికి నియమాలు పెట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. బోర్డ్ గేమ్ అంటే పిల్లల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లకు నేను చెప్పేది ఈ పల్లెల గురించే.

ఆ ఆట తర్వాత జరిగిన చర్చ లాంటిదే మా ఇంట్లో సంక్రాంతి రాత్రి ఒంటిగంట దాకా నడిచింది. నెమెసిస్ ఆడిన రాత్రి ఎవరు ఎలా చచ్చారో చెప్పుకుని నవ్వుకున్నాం, పడుకున్నాం. సంక్రాంతి రాత్రి మాత్రం బావ "నన్ను ఒక్కసారి నెమ్మదిగా అడిగుంటే ఒక కార్డు ఇచ్చేవాణ్ణి" అన్నాడు. పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొనేవాళ్లకు రెండు మాటలు. డెడ్ ఆఫ్ వింటర్‌కు కొనసాగింపుగా 2016లో వచ్చిన ది లాంగ్ నైట్ కూడా విడిగా ఆడుకోవచ్చు. కానీ అందులో అదనపు హంగులు ఎక్కువ, ముందు అసలు పెట్టెతోనే మొదలుపెట్టండి. ద్రోహి కార్డు లేకుండా ఆడే పద్ధతి కూడా రూల్ బుక్‌లో ఉంది. ఇంట్లో గొడవలెందుకని ఆ కార్డును తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. తీయకండి.