కొయ్యలు పాతాకే యుద్ధం

మొన్న ఆదివారం తిరుపతి బైరాగిపట్టెడలో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు, మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో మధ్యయుగాల యుద్ధతంత్రం గేమ్ డెమో ఆడాను. అందులో ఉన్నది ఒకటే యుద్ధం. 1415 అక్టోబరు 25న ఫ్రాన్స్‌లోని అజిన్‌కోర్ట్‌లో జరిగింది. మన చేతికిచ్చేది ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ సైన్యం.

మొదటిసారి చిత్తుగా ఓడిపోయాను. యుద్ధానికి ముందు సేనను నిలుపుకోవడానికి గేమ్ వ్యవధి ఇస్తుంది. "ఎంతసేపు మామా, స్టార్ట్ నొక్కు, ఏమయితాది!" అన్నాడు వాడు. నొక్కేశాను. ఫ్రెంచి రౌతులు నా విలుకాళ్లను తొక్కుకుంటూ పోయారు. రెండోసారి ఆ వ్యవధిలోనే విలుకాళ్ల ముందు మొన చెక్కిన కొయ్యలు పాతించాను. యుద్ధం మొదలయ్యాక వాటిని పాతే వీల్లేదు. ఈసారి గుర్రాలు కొయ్యల దగ్గర చిక్కుకున్నాయి. వాటి మీద బాణాలు కురిశాయి. మేనల్లుడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అజిన్‌కోర్ట్‌లో జరిగిందీ దాదాపు ఇదే. దున్నిన పొలం, రాత్రంతా వాన, రెండు పక్కలా అడవి. బరువైన కవచాలు తొడుక్కున్న ఫ్రెంచి వీరులు ఆ ఇరుకులో, ఆ బురదలో కాళ్లీడ్చుకుంటూ బాణాలకు ఎదురు నడిచారు. వానకు నానిన దుక్కిలో ఉత్త కాళ్లతో నడవడమే ఎంత కష్టమో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. సంఖ్యాబలం కంటే నేల ముఖ్యమన్న సంగతిని ఈ గేమ్ చేతివేళ్లకు తెలిసేలా చేసింది. ఆ విషయంలో దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ ఇది ఒక్క పూట యుద్ధం. మన రాజుల పోరాటాల్లో చాలావాటిని నడిపింది ముట్టడి. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి ఉదయగిరిని గెలవడానికి ఏడాదికి పైగా పట్టింది. కొండ మీదికి సేన ఎక్కేలా బండలు పగలగొట్టించి బాటలు వేయించాడు. గెలిచాక 1514లో తిరుమలకు వచ్చి స్వామికి కానుకలు సమర్పించాడు. అన్ని నెలలు ఆ సేనకు తిండి ఎలా చేరింది, వానాకాలంలో గుర్రాలకు మేత ఎక్కడిది? నాకు ఆడాలనిపించే గేమ్ అది.

మన చరిత్ర మీద గేమ్ అనగానే అందరూ ఏనుగుల దగ్గర మొదలుపెడతారు. చెరువు దగ్గర మొదలుపెట్టాలని నేనంటాను. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి మన చంద్రగిరికి వచ్చింది. అక్కడికి వెళ్లిన మనం రాజమహల్ చూసి తిరిగొచ్చేస్తాం. వెనకనున్న కొండ, కోటగోడ, అగడ్త, నీటి వనరులు, ఇవన్నీ కలిస్తేనే అది కోట.

ఇదే మాట వాడితో అన్నాను. కాసేపు స్క్రీన్ కేసి చూసి, "అగడ్తలోకి నీళ్లు యాడనుంచి తెచ్చేవాళ్లు మామా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం ఇద్దరం చంద్రగిరికి పోతున్నాం.