మహారాజశ్రీ వేసవి గుండు గారికి

మహారాజశ్రీ వేసవి గుండు గారి సముఖానికి, చెన్నై నుంచి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, పక్కింటి పామరేనియన్ కుక్క బన్నీ పొట్ట చూశాక కలం ముందుకు సాగలేదు.

కత్తిరి ఎండలు, అంటే మే నెల మండుటెండలు, మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్లో మీకు ఎక్కడలేని గిరాకీ. "పాపం, ఇంత బొచ్చుతో ఎలా వేగుతుందమ్మా, తీయించెయ్యి!" అని సలహా ఇవ్వని పిన్నిగారు లేరు. ట్రిమ్మర్ బుర్రుమంది. తెల్లటి బొచ్చంతా నేలపాలై, గులాబీరంగు చర్మం బయటపడింది. తిరుపతిలో గుండు చేయించుకున్నవాళ్ళు కనీసం చందనమైనా పూసుకుంటారు. బన్నీకి ఆ భాగ్యమూ లేదు.

తమరి పరిజ్ఞానం గొప్పదే. కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదనీ, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ప్రధాన ఉపాయమనీ తమకు తెలియకపోతుందా! ఎండని అడ్డుకునే ఆ బొచ్చునే తీసేసి, చలవ చేశామన్నారు.

బన్నీ మాత్రం మొట్టమాడి, అదే డాబా, మీదికెక్కి, నాలుగు కాళ్ళూ పైకెత్తి వెల్లకిలా పడుకుంటుంది. బొచ్చు పలచగా ఉండే పొట్టకి ఇప్పుడు ఆ కాస్త అడ్డూ లేదు. ముందు కందింది, తర్వాత పొట్టు రేగింది, ఇప్పుడు గజ్జల దగ్గర చిన్న చిన్న చెక్కులు కట్టాయి. ఏళ్ళ తరబడి ఇలాగే ఎండ తగిలితే చర్మం మందమెక్కి, మానని పుండ్లు పడి, స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ దాకా పోవచ్చని డాక్టరుగారు హెచ్చరించారు. మన సన్‌స్క్రీన్ పూద్దామా అంటే, నాకేస్తుంది. అందులో జింక్ ఆక్సైడ్ ఉంటే కడుపులోకి పోయి విషమవుతుంది.

తమిళనాడులోని రాజపాళయం ఊరి కుక్కకైతే తమరి అవసరమే లేదు. అక్కడి తెలుగు రాజులు పెంచిన జాతి, 2005లో తపాలా బిళ్ళకెక్కిన ఘనత. పుట్టుకతోనే పొట్టి బొచ్చు, తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు. ఎండ పని ఎండే చూసుకుంటుంది. అలాంటివాటిని పగలు పదింటి నుంచి నాలుగింటి దాకా నీడపట్టున ఉంచితే చాలు. కానీ ఉచితంగా వచ్చే నీడని ఎవరు లెక్కచేస్తారు?

కాబట్టి తమరు దీర్ఘకాలిక సెలవు మీద వెళ్ళవలసిందిగా మనవి. వైద్యం కోసం ఎక్కడైనా బొచ్చు తీయాల్సి వస్తే డాక్టరుగారే కబురు పెడతారు. అంతదాకా తమరి కుర్చీలో దువ్వెన ఇన్‌ఛార్జిగా ఉంటుంది.

ఇట్లు,
మూడో అంతస్తు నుంచి
తమ విధేయుడు