రెండు బంతులు, ఒక పప్పుచారు

మా మామగారికి బంతి అంటే భోజనాల బంతే. తణుకు చుట్టుపక్కల ముప్పై ఏళ్ళపాటు చుట్టాల పెళ్ళిళ్ళన్నిటిలో వడ్డన ఆయన చేతిమీదుగానే నడిచింది. అలాంటి మనిషిని ఆరునెలలకని అమెరికాలో మేముండే షార్లెట్‌కి రప్పించి, దిగిన మొదటి ఆదివారమే టీవీ ముందు కూర్చోబెట్టి అమెరికన్ ఫుట్‌బాల్ చూపించడం నాదే తప్పు. పావుగంట చూశారు. "కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెట్టేది ఎక్కువ. పేరు మాత్రం ఫుట్‌బాల్. బాగుందల్లుడుగారూ," అని మేడమీదికి వెళ్ళి పడుకున్నారు.

రెండో ఆదివారం ఆయనే వచ్చి కూర్చున్నారు.

"ఆ తొమ్మిదో నంబరు పిల్లాడెవరు? ప్రతిసారీ బంతి వాడి చేతికే ఇస్తున్నారేం?"

వాడే బ్రైస్ యంగ్, మా కరోలినా పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్. క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి. బంతి వాడి చేతికొస్తుంది, ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు, అవతలివాళ్ళు ఆ గోడని తోసుకుని మీదపడేలోపు, అంటే ఇంచుమించు మూడు సెకన్లలో, పరిగెడుతున్నవాళ్ళలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసరాలి అని చెప్పాను.

"అర్థమైంది. నెయ్యిగిన్నె పట్టుకున్నవాడన్నమాట," అన్నారు మామగారు. "బంతి మొత్తం వాడి చేతివంకే చూస్తుంది. ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక నిలబడ్డాడో, అన్నాలు చల్లారిపోతాయి. తిట్లన్నీ వాడికే."

ఇంతకన్నా బాగా చెప్పిన కామెంటేటర్‌ని నేనింతవరకు వినలేదు.

ఇక అసలు కథ చెప్పక తప్పలేదు. ఇక్కడ ప్రతి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడినవాడికి ముందు వంతు. 2023లో ఆ మొదటి వంతు షికాగో చేతిలో ఉంది. దాన్ని పుచ్చుకోవడానికి మావాళ్ళు మొదటి రౌండు వంతులు రెండు, రెండో రౌండు వంతులు రెండు ఇచ్చి, పైన డీజే మూర్ అనే మంచి ఆటగాణ్ణి కూడా ఇచ్చారు.

"అంటే పొలమూ, ఇల్లూ, పాడిగేదెతో సహా," అన్నారు మామగారు. ఆయనకి హుషారొచ్చేసింది, కుర్చీ ముందుకు లాక్కున్నారు. "పిల్లాడి చదువూ అదీ?"

"అలబామా యూనివర్సిటీ అండీ. 2021లో హైస్‌మన్ ట్రోఫీ. కాలేజీ ఆటలో దాన్ని మించింది లేదు."

"ఎత్తు?"

నేను నీళ్ళు నమిలాను. "అయిదడుగుల పదంగుళాలు."

"మన వైపు అది పొడుగే కదయ్యా!"

"ఇక్కడ ఆ ఉద్యోగానికి పొట్టి అండీ. ముందు నిలబడేవాళ్ళు ఆరున్నర అడుగులుంటారు."

"మరి సంబంధం చూసుకునేటప్పుడు కొలవలేదా?"

షార్లెట్ ఊరంతా అప్పటికి రెండున్నరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. కొలిచారు. కొలిచే ఇచ్చారు. మొదటి ఏడు 17 మ్యాచుల్లో 2 గెలిచి 15 ఓడాం. పిల్లాణ్ణి 62 సార్లు బంతితో సహా నేలకేసి కొట్టారు. అంత ఘోరంగా ఓడినందుకు దక్కాల్సిన మరుసటి ఏడు మొదటి వంతూ మాది కాదు, అప్పటికే షికాగోకి రాసిచ్చేశాం. వాళ్ళు దాంతో కేలబ్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. అది చాలదన్నట్టు, మేం వద్దనుకుని వదిలేసిన సీజే స్ట్రౌడ్‌ని వెనకే ఉన్న హ్యూస్టన్ ఎగరేసుకుపోతే, అతను అదే ఏడు కొత్త కుర్రాళ్ళలో మేటి అనిపించుకుని, జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. వద్దన్న సంబంధం కలెక్టరైతే ఆడపిల్లవారి ఇంట్లో ఎలా ఉంటుందో, అలా ఉంది మా ఊరు.

2024లో రెండు మ్యాచులు కాగానే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి పెద్దాయన ఆండీ డాల్టన్‌ని దింపారు. కొన్ని వారాలకి ఆయన కారుకి యాక్సిడెంటై బొటనవేలు బెణికింది. దాంతో మళ్ళీ ఈ పిల్లాడే దిక్కయ్యాడు, ఈసారి కాస్త కుదురుగా ఆడాడు. అప్పటినుంచీ మా తెలుగువాళ్ళలో రెండు పార్టీలు.

పనికిరాడు పార్టీకి నాయకుడు మా తోడల్లుడు, అన్నయ్యగారు. 2011 నుంచీ ఇక్కడే ఉన్నారు. అదే ఏడు మా జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చిన క్యామ్ న్యూటన్ ఆయన దేవుడు. 2015లో క్యామ్ జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడిన ముచ్చట ఆయన ప్రతి శ్రావణమాసం పేరంటంలోనూ చెబుతారు. చివర్లో ఫైనలు, అదే సూపర్ బౌల్, 24-10తో పోయింది కదా అంటే మాత్రం కాఫీ తాగడానికి లేస్తారు. పనికొస్తాడు పార్టీలో మా పద్నాలుగేళ్ళ అబ్బాయి, మా వీధి చివరుండే వరంగల్ తమ్ముడు. నేను ఏ వారం ఎవరింట్లో టిఫిన్ తింటే ఆ వారం ఆ పార్టీ.

పోయిన కార్తీకమాసంలో వనభోజనాలు పెట్టుకున్నాం. 2025 నవంబరు 16, ఆదివారం. పార్కులో ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఓక్ చెట్టు కింద పళ్ళెంలో ఫ్రోజెన్ ఉసిరికాయలు పెట్టి, దీపం వెలిగించి, "ఉసిరిచెట్టనుకోండి" అన్నారు మా వదినగారు. అనుకున్నాం. నలభైమంది జనం. పులిహోర, గుత్తివంకాయ ఇళ్ళ దగ్గరే చేసి తెచ్చారు. పప్పుచారు మాత్రం పెద్ద గుండిగలో, బల్లమీద గ్యాస్ స్టవ్ పెట్టి అక్కడే మరిగిస్తున్నారు. ములక్కాడలు, ఆనపకాయ ముక్కలు, ఇంగువ పోపు. పార్కులో కుక్కల్ని తిప్పుతున్న అమెరికన్లు ఓ క్షణం ఆగి గాలి పీల్చుకుని వెళుతున్నారు.

ఆడవాళ్ళు ఆ రోజు ఒక రూలు పెట్టారు. మగవాళ్ళ ఫోన్లన్నీ పూలబుట్టలోకి. మా ఆవిడ బుట్ట పట్టుకుని గుడి హుండీలా తిరిగింది. నాకొక్కడికే మినహాయింపు, ఫొటోలు తీయాలి కనక. ఒంటిగంటకి అట్లాంటాలో ఫాల్కన్స్‌తో మ్యాచ్ మొదలయ్యేసరికి నలభైమందిలో ఫోనున్న ఏకైక మగాణ్ణి నేనే. జీవితంలో నాకంత పలుకుబడి ఎప్పుడూ లేదు.

ఫోన్‌ని పులిహోర డబ్బాకి ఆనించి నిలబెట్టాను. ఆ డబ్బా పక్కనే పప్పుచారు గుండిగ. ఇది తర్వాత అందరూ పదేపదే గుర్తుచేసిన విషయం కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

ముందు వారం సెయింట్స్ చేతిలో సొంత ఊళ్ళోనే 17-7తో ఓడి ఉన్నాం. అన్నయ్యగారు మంచి ఊపుమీదున్నారు. ఆట మొదలైన కాసేపటికే పిల్లాడి చీలమండకి దెబ్బ తగిలింది, కుంటుతూ లోపలికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే పార్కులో సిగ్నల్ పోయి తెరమీద చక్రం తిరగడం మొదలెట్టింది. ఆట చూపించినంతసేపూ ఎవరూ దెబ్బలాడుకోలేదు. చక్రం తిరిగినప్పుడే మొదలైంది.

"అయిపోయింది. వచ్చే ఏడు ఇంకో కుర్రాణ్ణి చూసుకోవాల్సిందే," అన్నారు అన్నయ్యగారు.

"ఏందన్నా, గట్లంటవ్? ముంగట అయిదుగురు ఆగవట్టకపోతే ఆ పోరడేం జేస్తడు? క్యామ్ అయినా గంతే," అన్నాడు వరంగల్ తమ్ముడు.

"క్యామ్ ఆరడుగుల అయిదంగుళాలు తమ్ముడూ! గోడ మీదనుంచి చూసేవాడు. ఈ అబ్బాయి గోడ సందుల్లోంచి చూడాలి."

"పెదనాన్నా, డ్రూ బ్రీస్ కూడా షార్టే. సూపర్ బౌల్ గెలిచాడు," అన్నాడు మా వాడు.

మామగారు అరిటాకులు తుడుస్తూ, "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు," అన్నారు. ఆయన ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఆ ఒక్కమాటతో ఆయన ఏ పార్టీయో తేలిపోయింది.

మాటలతో లాభం లేదని అన్నయ్యగారు చెట్టుకి కొట్టడానికి తెచ్చిన కొబ్బరికాయ అందుకున్నారు. పీచు తీసిన కాయ చేతిలో పట్టుకుంటే నిజంగానే ఆ బంతిలాగే ఉంది. మా వాణ్ణి ఎదురుగా చేతులెత్తి నిలబడమన్నారు. వాడు ఈ మధ్యే ఆరడుగులకొచ్చాడు. వరంగల్ తమ్ముణ్ణి ఎడమవైపు కాపలా పెట్టారు. "ఇప్పుడు చూడండి, నేను బ్రైస్ యంగ్‌ని. వెనక్కి మూడడుగులు వేస్తాను. చెయ్యి ఇక్కడినుంచి వస్తే బంతి వాడి చేతికి తగులుతుందా, తగలదా?"

వెనక్కి మూడడుగులు వేశారు. మూడో అడుగు బల్ల దగ్గర పడింది. విసరడానికి చెయ్యి వెనక్కి తీశారు. కొబ్బరికాయ ఎక్కడికీ పోలేదు, చేతిలోనే ఉంది. మోచెయ్యి ఫోన్‌కి తగిలింది. ఫోన్ డబ్బా అంచుమీద ఒక పల్టీ కొట్టి, తెరమీద చక్రం తిరుగుతూండగానే, పప్పుచారులోకి దిగింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. ఆనపకాయ ముక్క ఒకటి పైకి తేలి, మళ్ళీ మునిగింది.

ఎవరూ మాట్లాడలేదు. మామగారే ముందు తేరుకున్నారు. "ముందు స్టవ్ కట్టండి! జల్లిగరిటె ఏదీ?"

గరిటె పెట్టి తీస్తే మొదట ములక్కాడ వచ్చింది. రెండోసారీ ములక్కాడే. మూడోసారి అన్నయ్యగారు "దొరికింది!" అని కేకేశారు, అదీ ఆనపకాయే. అయిదోసారికి ఫోన్ పైకొచ్చింది, కరివేపాకు కప్పుకుని. కొన్నప్పుడు నీళ్ళలో పడినా ఏమీ కాదని చెప్పారు. మరిగే చింతపండు పులుసు సంగతి నేనడగలేదు.

ఈ లోపల అవతల బంతి కూర్చుంది. గుత్తివంకాయ అయిపోయింది, పులిహోర అయిపోయింది, ఆకుల్లో తెల్లన్నం వడ్డించేశారు. "పప్పుచారేదండీ?" అని మా వదినగారి కేక. మామగారికి ముప్పై ఏళ్ళ సర్వీసులో తెల్లన్నం ముందు బంతి ఖాళీగా కూర్చోవడం ఇదే మొదటిసారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. బ్యాటరీ ఉడికిన పులుసు పిల్లలకి పోస్తామా? అన్నం మీదికి పెరుగే తెచ్చారు. వేడన్నంలో పెరుగు కలుపుకుంటూ నలభైమందీ మా నలుగురివైపు చూసిన చూపు ముందు ఆ 62 సార్లు నేలకేసి కొట్టించుకోవడం ఎంత!

మా ఆవిడ ఏమీ అనలేదు. గుండిగ చూపించి, పీచు చేతికిచ్చింది.

కాబట్టి నవంబరు 16న కరోలినా పాంథర్స్ చరిత్రలోనే గొప్ప ఆట జరుగుతున్నప్పుడు మేం పార్కులో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని గుండిగ తోముతున్నాం. అడుగంటిన పప్పు ఓ పట్టాన రాలేదు. అన్నయ్యగారు తోముతూ కూడా, "క్యామ్ అయితే..." అని మొదలెట్టారు. మామగారు, "మీరు ముందు ఆ అంచు తోమండి పెద్దల్లుడుగారూ," అన్నారు.

సాయంత్రం అయిదింటికి బుట్టలో ఫోన్లు తిరిగి ఇచ్చారు. వరంగల్ తమ్ముడు తన ఫోన్ చూసి అట్లాగే నిలబడిపోయాడు. కుంటుతూ వెళ్ళిన పిల్లాడు తిరిగొచ్చి ఆడాడు. మొత్తం 448 గజాలు విసిరాడు. మూడు టచ్‌డౌన్లు. ఓవర్‌టైమ్‌లో 30-27తో గెలుపు. జట్టు పుట్టిన దగ్గర్నుంచీ ఒక మ్యాచ్‌లో అన్ని గజాలు విసిరినవాడు లేడు. పాత రికార్డు 432, 2011లోది. ఎవరిదో చెప్పక్కర్లేదు.

అందరం అన్నయ్యగారి వంక చూశాం. ఆయన కొబ్బరికాయని బల్లమీద జాగ్రత్తగా పెట్టి, "నేను మాత్రం వాడు పనికిరాడని ఎప్పుడన్నాను? పొట్టివాడు గట్టివాడని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు. మా వాడు నోరు తెరవబోతే వదినగారు లడ్డూ పెట్టేశారు.

ఫోన్‌ని బియ్యంలో పెట్టకూడదని తయారుచేసేవాళ్ళే చెబుతారట, నాకు తర్వాత తెలిసింది. మామగారు అప్పటికే సోనామసూరి సంచీలో నిలువునా పాతేశారు. మూడోరోజు తీస్తే, ఆశ్చర్యం, వెలిగింది. కెమెరా మసకబారింది. వనభోజనాల ఫొటోల్లో అందరూ ఉన్నారు, మేం నలుగురం తప్ప.

ఆ పై వారం సోమవారం రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో జట్టు చేతిలో 20-9తో ఓడిపోయాం. ఆట అయిన మరుక్షణం ఫోన్ మోగింది.

"చూశావా తమ్ముడూ? నేను చెబుతూనే ఉన్నాను. ఈ ఎత్తుతో కష్టం. అదే క్యామ్ అయితేనా..."

నేను ఫోన్‌ని చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. ఆయన మాటలకి కాదు. అది కొంచెం వేడెక్కితే చాలు, ఇప్పటికీ ఇంగువ వాసన వస్తుంది.