కూలి మేమే ఇచ్చి కూలికి వెళ్ళిన వైనం

ఈ వ్యాసం తెలుగునాట వ్యవసాయ భవిష్యత్తుకు సంబంధించింది. కాబట్టి పాఠకులు కాస్త నిటారుగా కూర్చుని చదవవలసిందిగా మనవి. నేను మాత్రం కూర్చోలేను. నడుం పట్టేసింది. గోడకు ఆనుకుని నిలబడి రాస్తున్నాను.

నడుం ఎందుకు పట్టేసిందయ్యా అంటే గుమ్మడికాయలు మోశాను. ఊరికే మోయలేదు, డబ్బు కట్టి మరీ మోశాను. దేశానికి పనికొచ్చే విషయమంతా ఆ డబ్బు కట్టడం దగ్గరే ఉంది.

మా అబ్బాయి ఉండేది అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో. మేమిద్దరం విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలైంది. తోటకూర కట్ట ధరను రూపాయల్లోకి మార్చి నిట్టూర్చడం, వారానికోసారి అరోరా బాలాజీ గుడికి వెళ్ళి రావడం, ఇంతే మా దినచర్య. ఇలా రోజులు గడుస్తుండగా మావాడి ఆఫీసులో పనిచేసే ఒక తెల్ల కుర్రాడు ఓ మాట అన్నాడు. వాళ్ళ అమ్మానాన్నలకు రెండు గంటల దూరంలో పొలం ఉందట. ఏడాదంతా మొక్కజొన్న, సోయా. ఆకురాలు కాలం వచ్చేసరికి గుమ్మడి చేలోకి జనాన్ని రానిస్తారు. ఆ నెల రోజులూ కొడుకులు, కోడళ్ళు, మనవలు, ముసలాయన చెల్లెలు, అందరూ చేలోనే. "శనివారం మీరూ వచ్చి ఓ చెయ్యి వేయకూడదా? మీదీ వ్యవసాయ కుటుంబమే అన్నావుగా" అన్నాడట.

మావాడు అక్కడ సరే అని, ఇంటికొచ్చి భయపడ్డాడు. బి-2 అనే ఈ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు అమెరికాలో పని చేయకూడదు. ఇది చట్టం. వాడిది హెచ్-1బి. ఆ వీసా తెప్పించిన కంపెనీకి తప్ప ఇంకొకరికి పని చేయకూడదు. ఇదీ చట్టమే. మరి గుమ్మడికాయ ఎత్తడం పని కిందికి వస్తుందా, వ్యాయామం కిందికి వస్తుందా అని రాత్రి పదకొండింటి దాకా వాట్సాప్ గ్రూపులో చర్చ నడిచింది. చివరికి ఒకాయన తేల్చేశాడు. (ఇలాంటివారు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. వాళ్ళు ప్లీడర్లు కారు. అయినా మన జాతి వాళ్ళ మీదే నిలబడి ఉంది.) "కూలి తీసుకుంటే పని. మీరే ఇస్తే వినోదం."

మర్నాడు మావాడు ఆ తోటకు ఆన్‌లైన్‌లో అయిదు టికెట్లు కొన్నాడు. మనిషికి పద్దెనిమిది డాలర్లు. మీ దగ్గర టికెట్టేమిటని స్నేహితుడు మొత్తుకున్నా వినలేదు. రసీదు ప్రింటు తీసి నా చొక్కా జేబులో పెట్టాడు, ఎవరైనా వచ్చి అడిగితే చూపించమని.

ఇక్కడ నా అర్హతలు చెప్పుకోవాలి. ఊళ్ళో మాకు మూడెకరాలుంది. ముప్పై ఏళ్ళుగా కౌలుకిచ్చాం. నేను పొలానికి వెళ్ళడమంటే గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, చేను వైపు చూసి, "బాగానే ఉన్నట్టుందే" అని వెనక్కి రావడం. మా అబ్బాయి అంత దూరం కూడా వెళ్ళలేదు. ఏడేళ్ళప్పుడు ఒకసారి నాట్లు వేస్తుంటే సరదాపడి మడిలో దిగాడు. చెవి పట్టుకుని బయటికి లాగి, "బురదలో నీకేం పని, పోయి చదువుకో" అన్నాను. చదువుకున్నాడు. రెసిడెన్షియల్ కాలేజీ, బీటెక్కు, ఎమ్మెస్సు. వాడు బురదలోంచి బయటపడటానికి నేను లక్షలు పోశాను. బురదలోకి దిగడానికి వాడిప్పుడు డాలర్లు పోశాడు. రెండు లెక్కలూ కలిపి చూస్తే ఏం తేలుతుందో నాకింకా తేలలేదు.

పొద్దున్నే చేరాం. చలి. తీగలు అప్పటికే ఎండి గోధుమరంగుకు తిరిగాయి. ఆకులు బూడిద తెగులు కొట్టి నేలకు అంటుకుపోయాయి. కాయలు మాత్రం, ఏరు తగ్గాక బయటపడిన బండల్లా, కనుచూపు మేర నారింజరంగులో తేలి ఉన్నాయి. ముసలాయన మాకు తలా ఒక జత చేతిజోళ్ళు, నాకు ప్రత్యేకంగా పొడుగు పిడుల కత్తెర ఒకటి ఇచ్చాడు. వ్యవసాయ కుటుంబం కదా.

మొదటి కాయ కోశాను. తొడిమ పట్టుకుని ఠీవిగా పైకెత్తాను. తొడిమ నా చేతిలో ఉంది, కాయ నా కాలి మీద ఉంది. ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. నా కాలు చూడటానికి కాదు, తొడిమ చూడటానికి. తొడిమ ఊడిన కాయను ఎవరూ కొనరట. పైగా ఊడిన చోటు నుంచే కుళ్ళు మొదలవుతుందట. కోసేటప్పుడు బెత్తెడు తొడిమ వదలాలి, ఎత్తేటప్పుడు పసిబిడ్డను ఎత్తినట్టు అడుగున రెండు చేతులూ వేయాలి. మా నాయనమ్మ కూడా తొడిమ ఉన్న కాయల్నే అటక మీద పెట్టేది. అప్పుడు ఎందుకని అడగలేదు. అరవై నాలుగేళ్ళు వచ్చాక ఇల్లినాయి వచ్చి, టికెట్టు కొని తెలుసుకున్నాను.

కోయడం తేలికే. తరవాత ఉంది అసలు సంగతి. ప్రతి కాయకూ నేలకు ఆనిన వైపు మట్టి అట్టకట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడవాలి. తుడిచి బండిలోకెక్కించాలి. బండిలోంచి దించి చెక్కపలకల మీద వరసగా పేర్చాలి, తొడిమలన్నీ ఒకే వైపు చూసేలా. తీగ నూగు చేతిజోడుకూ చొక్కా చేతికీ మధ్య దొరికిన రెండంగుళాల జాగాలో గీరుకుని దురద. పదకొండయ్యేసరికి నేను రెండు బళ్ళు నింపాను. మా అబ్బాయి ఒక బండి నింపి, నూట నలభై ఫోటోలు దిగాడు.

అంతలో జనం దిగారు. గడ్డి పరచిన ట్రాక్టరు బండి మీద చేను చుట్టూ ఒక చుట్టు, మొక్కజొన్న చేలో దారి తప్పడానికి వేసిన చిక్కుదారి, మేకలకు మేత పెట్టడానికి ఒక దొడ్డి, వేడివేడి సైడర్ డోనట్లు. అక్కడి దిష్టిబొమ్మ తొడుక్కున్న జీన్సు ప్యాంటు నా ప్యాంటు కన్నా ఖరీదైందని మా ఆవిడ గుర్తించింది. వచ్చినవాళ్ళలో మనవాళ్ళూ బాగానే ఉన్నారు. పిల్లలకు నారింజరంగు పట్టులంగాలు వేసుకొచ్చిన ఒక కుటుంబం నా వరస ముందు ఆగింది. బురద బూట్లు, చేతిజోళ్ళు చూసి ఆ కుర్రాడు నన్ను తోట మనిషే అనుకున్నాడు. "హౌ మచ్?" అన్నాడు. "నేనూ టికెట్టు కొన్నవాణ్ణే బాబూ" అన్నాను తెలుగులో. కుర్రాడు క్షణం తడబడి, "అయ్యో అంకుల్, సారీ. అయితే ఈ రెండూ కార్లో పెట్టడానికి కాస్త సాయం పట్టండి" అన్నాడు. పట్టాను. నా జేబులో రసీదు ఉంది, ఎవరికి భయం?

తోట ముందు రోడ్డు పక్కన ఒక బల్ల. దాని మీద చిన్న కాయలు, పక్కన చిల్లుపెట్టిన డబ్బా. కాయ తీసుకుని డబ్బు డబ్బాలో వేసి పోవడమే, మనిషి ఉండడు. ఈ నిజాయితీకి మా ఆవిడ కరిగిపోయింది గానీ నేను లోతుగా ఆలోచించాను. గుమ్మడికాయల దొంగంటే మనవాడు భుజాలు తడుముకున్నాడంటే, అది బూడిద గుమ్మడి కాబట్టి. కాయ మోసిన భుజానికి తెల్లటి బూడిద అంటుకుంటుంది, సాక్ష్యం. ఈ నారింజరంగు కాయకు బూడిదే లేదు. దొంగను పట్టుకునే సౌకర్యం కాయలోనే లేనప్పుడు, పాపం, నిజాయితీని నమ్ముకోక ఏం చేస్తారు?

ఇంతకీ ఇన్ని కాయలు ఏం చేస్తారని మా ఆవిడ ఆ ఇంటి పెద్దావిడను అడిగింది. హాలోవీన్ పండక్కి బొమ్మలుగా చెక్కుతారు. వండరా? వండరు. చెక్కుడు కాయ పీచు, నీరు. రుచి ఉండదు. తినేది వేరే, డికిన్సన్ అనే రకం, పొడుగ్గా, లేత గోధుమరంగులో ఉంటుంది. అదే డబ్బాల్లోకెక్కి ‘పై’ అనే తీపి వంటకం అవుతుంది. ఇదే రాష్ట్రంలో మోర్టన్ అనే చిన్న ఊరు అందుకే ప్రపంచ గుమ్మడి రాజధానినని చెప్పుకుంటుంది. అమెరికాలో డబ్బా గుమ్మడిలో సింహభాగం ఆ చుట్టుపక్కలదే. పెద్దావిడ వాళ్ళ ఇంటి కోసం వేసుకున్న ఆ రకం కాయ ఒకటి తెచ్చి చూపించింది. మా ఆవిడ వేలితో కొట్టి, చెవి ఆనించి, "ఇది మన గుమ్మడేనండీ" అంది. నిజమే, మన పులుసు గుమ్మడీ అదీ ఒకే జాతి. అసలు గుమ్మడి పుట్టిల్లే అమెరికా ఖండం. మన పిల్లలు ఇటు రాకముందే, కొన్ని వందల ఏళ్ళ క్రితం, అది అటు వెళ్ళి, గ్రీన్ కార్డు గోల లేకుండా దప్పళంలో స్థిరపడిపోయింది. సంక్రాంతి గొబ్బెమ్మల మీద పువ్వై కూర్చుంది. వలస అంటే అలా ఉండాలి.

తినడానికా, చూడటానికా అన్న ప్రశ్న చిన్నదేమీ కాదు. పక్కనే ఉన్న అయోవా రాష్ట్రంలో 2007లో పన్నుల శాఖ వారు కాయ తినేవాడికి పన్ను లేదు, చెక్కేవాడికి ఉంది అన్నారు. తినడానికే కొంటున్నామని ఫారం నింపితే మినహాయింపు. గోల లేచి వెనక్కి తగ్గారనుకోండి. కానీ ఆ ఫారం ఆలోచన చేసిన అధికారి ఎవరో గానీ, ఆయన మన మండలాఫీసులో పుట్టాల్సినవాడు.

కాఫీ సంగతి కూడా చెప్పేస్తాను. ఈ కాలంలో ఇక్కడ కొట్టు కొట్టుకీ గుమ్మడి మసాలా కాఫీ. దాల్చినచెక్క, జాజికాయ, శొంఠి, లవంగం. స్టార్‌బక్స్ వాళ్ళు 2003లో మొదలుపెడితే, అందులోకి అసలు గుమ్మడి చేరింది 2015లో. పన్నెండేళ్ళు జనం గుమ్మడి లేని గుమ్మడిని తాగారు. మైసూరుపాకులో మైసూరుందా అని వెక్కిరించే అర్హత వీళ్ళకి లేదని నా అభిప్రాయం.

సాయంత్రం ఇంటికి అయిదు కాయలతో వచ్చాం, వాటికి డబ్బు వేరే. అక్టోబరు 31న హాలోవీన్. కాయకు కళ్ళు, కోరలు చెక్కి లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచితే దుష్టశక్తులు రావట. ఐర్లండులో టర్నిప్ దుంపలు చెక్కేవాళ్ళు, ఇక్కడికి వలస వచ్చాక గుమ్మడికి మారారు. "దిష్టి గుమ్మడికాయ అని ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా" అంది మా ఆవిడ. కోడలు కత్తి తీసింది. "ఆగమ్మా! మొదటి దెబ్బ మగవాళ్ళు వేయాలి" అని కేక. మనవరాలు "వై?" అంది. "ఎందుకంటే ఎందుకే" అంది మా ఆవిడ. ఇంట్లో మగవాళ్ళం ఇద్దరం. ఒకరికి నడుం వంగదు, ఒకరు మీటింగులో ఉన్నారు. కత్తి పట్టుకున్న కోడలు, కాయ పట్టుకున్న మనవరాలు, ఇద్దరికీ అడ్డంగా అత్తగారు. ముప్పావు గంట గడిచాక మావాడు చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే వచ్చి, "యా, యా, అగ్రీడ్" అంటూ ఒక పోటు పొడిచి వెళ్ళాడు. అవతలివాళ్ళు దేనికి ఒప్పుకున్నాడనుకున్నారో తెలీదు.

ఇక నా ప్రతిపాదన. మన రైతు కూలి ఇచ్చి కాయ కోయించి, బండికి కిరాయి ఇచ్చి మార్కెట్టుకు తోలి, ధర లేక తిరిగొస్తున్నాడు. ఈ ముసలాయన కోసేవాడి దగ్గరే డబ్బు తీసుకుంటున్నాడు. తేడా నేలలో లేదు, గేటులో ఉంది. కాబట్టి తక్షణమే చేలకు గేట్లు పెట్టాలి. ఆషాఢంలో నాట్లు: బురద స్నానం, మనిషికి అయిదొందలు, మోకాలి దాకా అయితే ఏడొందలు. గుంటూరు మిరప కోతకు ప్రత్యేక ప్యాకేజీ: అరచేతులకు సహజసిద్ధ ఉష్ణ చికిత్స, మంట రెండు రోజులు గ్యారంటీ. పేడ ఎత్తేవారికి సర్టిఫికెట్. చిక్కుదారి కోసం మొక్కజొన్న పాడుచేయడం అనవసరం, పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకు రమ్మని పంపితే చాలు. హైదరాబాదు టవర్లలోని పిల్లలు వస్తారా అని అనుమానపడేవారు ఇల్లినాయి పార్కింగ్ స్థలం చూడండి. మనవాళ్ళు చేను పనికి సిగ్గుపడరు. టికెట్టు లేని పనికి సిగ్గుపడతారు.

ఇది రాస్తుండగానే ఊరి నుంచి మా కౌలుదారు ఫోన్ చేశాడు. ఈ ఏడాది పొలంలో అరెకరం గుమ్మడి పెట్టాడు. నాకు తెలీదు, గట్టు మీద నుంచి కనిపించదు. "కిలో ఆరు రూపాయలంటున్నాడండీ బేరగాడు. కూలోళ్ళు దొరకట్లేదు. కోయించమంటారా, దున్నేయమంటారా?" అన్నాడు.

నేను ఇక్కడి సంగతంతా వివరంగా చెప్పాను. గేటు, టికెట్టు, తొడిమ, మేకలు. చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఇంతకీ మీరు కోశారంటారా?" అన్నాడు.

"రెండు బళ్ళు" అన్నాను.

"మనిషికెంత ఇచ్చారు మీకు?"

"మేమే ఇచ్చాం. పద్దెనిమిది డాలర్లు. పదిహేను వందల పైమాటే."

మళ్ళీ నిశ్శబ్దం. ఆ తరవాత చాలా మర్యాదగా అన్నాడు: "అయ్యగారూ, మీరు సంక్రాంతికి వచ్చేస్తారుగా. నేను మీ దగ్గర వెయ్యే తీసుకుంటానండీ. అబ్బాయిగారిని కూడా తీసుకురండి."