సముద్రం ఒడ్డున వేకువ కాదు, పోటు చూసుకోవాలి
పక్షుల్ని చూడటం గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, ఎక్కడైనా సరే తెల్లారకముందే వెళ్లాలని రాశారు, మా దేవరకొండ వైపు చెరువులకైతే ఆ మాట నిజమే, ఎండెక్కి బర్రెలు నీళ్లలోకి దిగాక కొంగలు తప్ప పెద్దగా ఏమీ మిగలవు. కానీ జర్మనీలో ఉత్తర సముద్రం ఒడ్డున ఆ లెక్క పనికిరాదు. పోయిన మార్చిలో హాంబర్గ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు రైల్లో ఆ తీరంలోని హుసుం అనే ఊరి దాకా పోయి, మర్నాడు చీకట్లోనే సముద్రపు కట్ట మీద నిలబడ్డాం. చలికి చేతులు కొంకర్లు పోయాయి గానీ సముద్రం వైపు దగ్గర్లో ఒక్క పిట్ట లేదు. నీళ్లు ఎక్కడికో వెనక్కి పోయి కనుచూపు మేరా బురదే, పక్షులన్నీ ఆ బురదలో పురుగులు ఏరుకుంటూ దూరంగా చుక్కల్లా ఉన్నాయి. మధ్యాహ్నం పోటు ఎక్కేకొద్దీ అవే గుంపులు గుంపులుగా కట్ట దగ్గరికి వచ్చేశాయి! ఎర్రముక్కు ఆయిస్టర్ క్యాచర్లు, వంకరముక్కు కర్లూలు, ఎన్నని చెప్పను. కట్టకు ఇవతల పచ్చికలో తెల్లమొహం బార్నకిల్ బాతులు మేస్తున్నాయి, వసంతం ముదిరాక ఇవి చాలావరకు రష్యా ఆర్కిటిక్ వైపు పోయి పిల్లలు చేస్తాయి. వాటి మధ్యలో తల మీద కొప్పున్న తీతువు, మన చెలకల్లో అరిచే తీతువుకి చుట్టమే, దాన్ని చూసేసరికి నాకు సొంతూరి మనిషి కనిపించినట్టే అయింది. అక్కడ పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, కానీ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనిచేయదు. వాడెన్ సీ అని పిలిచే ఈ బురద తీరానికి వెళ్లే మనవాళ్లు ముందు ఆ ఊరి పోటు టైములు చూసుకోండి, నిండు పోటుకు రెండు గంటల ముందు కట్ట ఎక్కితే చాలు.