గొలుసు సరే, తాళంచెవులు ఎవరి దగ్గర?

ఎం-బుక్‌లో, అంటే జరిగిన పని లెక్క రాసే పుస్తకంలో, కొలతలు రాయడానికి లంచం అడిగి ఏసీబీకి దొరికిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). ఈ వార్త మనకు ఎంత అలవాటైపోయిందంటే, హెడ్డింగ్ చూసి పేజీ తిప్పేస్తాం. పని చేసేది ఒకరు, చేశారని రాసేది ఇంకొకరు, బిల్లు పాస్ చేసేది మరొకరు. ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటే పెత్తనం వారిదే.

నిర్మాణ రంగంలోకి బ్లాక్‌చెయిన్ రావాలనే వాదనకు బలం ఇక్కడే ఉంది. ఎంట్రీలను ఒకదానికొకటి గొలుసులా ముడివేసి, అందరి దగ్గరా ఒకే ప్రతి ఉంచే డిజిటల్ పుస్తకం అది. కొలతల రికార్డు యజమాని, కాంట్రాక్టర్, ఇంజినీర్, బ్యాంకు అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది. ఎంట్రీ పడ్డాక ఒక్కరే వెళ్లి దిద్దేయడం కుదరదు. స్లాబ్ పూర్తయిందని అందరూ ఓకే చేయగానే డబ్బు దానంతటదే విడుదలయ్యేలా షరతులు ముందే ప్రోగ్రామ్‌లో రాసుకోవచ్చు. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటున్నారు.

వినడానికి బాగుంది. ఒకసారి స్లాబ్ పడే చోటికి వెళ్దాం. ఎం25 అనే బలం గ్రేడు కాంక్రీట్‌తో బయల్దేరిన ట్రాన్సిట్ మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది. మాలు బిగుసుకుపోతోంది, పంపులో కదలట్లేదు. ఎవరో పైపు తెచ్చి డ్రమ్ములోకి నీళ్లు వదిలారు. మాలు జారింది, పని సాగింది. డ్రైవర్ చేతిలోని చీటీలో మాత్రం ఎం25 అనే ఉంది. నీళ్లు కలపకముందే తీసిన మాలుతో, బలం పరీక్షించే క్యూబులు నింపితే 28వ రోజున అవి బ్రహ్మాండంగా పాసవుతాయి. ఆ రిపోర్టు గొలుసులోకి ఎక్కుతుంది. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు!

అలాగని పనికిరాదని కాదు. ఫ్లాటు అప్పగించాక 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతోంది. నాలుగో ఏట బీము పగిలితే, ఆ రోజు సంతకం పెట్టిందెవరో అప్పటికప్పుడు తేలుతుంది. ఫైలు కనిపించట్లేదనే మాట చెల్లదు.

అదే 2016 చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. పని ఎంత జరిగిందో ఇంజినీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే అందులోంచి తీయాలి. మూడు సంతకాలు, కానీ ముగ్గురికీ ఫీజు ఇచ్చేది ఎక్కువగా బిల్డరే. దీన్ని ఉన్నదున్నట్టు బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కిస్తే తాళంచెవులు, అంటే ఓకే చెప్పే డిజిటల్ సంతకాలు, మూడూ ఒకే జేబులో ఉంటాయి. వాటిలో ఒకటి కొనుగోలుదారుల సంఘం పెట్టుకున్న ఇంజినీర్ చేతికి రావాలి. నా దృష్టిలో వికేంద్రీకరణ అంటే అది, సాఫ్ట్‌వేర్ కాదు.

చెల్లింపుల సంగతీ అంతే. బ్రిటన్‌లో 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ కుప్పకూలినప్పుడు దాని కింద పనిచేసిన వేలాది చిన్న సంస్థల బకాయిలు ఇరుక్కుపోయాయి. దానికి చాలా ముందే అక్కడ ప్రాజెక్ట్ బ్యాంక్ ఖాతా అనే పద్ధతి ఉంది. డబ్బు ప్రధాన కాంట్రాక్టర్ చేతిలో ఆగకుండా ట్రస్టు ఖాతాలోంచి నేరుగా సబ్‌కాంట్రాక్టర్లకు వెళ్తుంది. బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు, పని ఇచ్చేవాడు ఒప్పుకుంటే చాలు.

మన దగ్గర సెంటరింగ్ మేస్త్రీ పేరు ఏ ఒప్పందంలోనూ ఉండదు. అడుగుకి ఇంతని నోటిమాట, శనివారం బట్వాడా, జేబులో నలిగిన నోటుబుక్. ఒప్పందంలో లేని మనిషికి స్మార్ట్ కాంట్రాక్ట్ డబ్బెలా పంపుతుంది? ఏ శాఖైనా పైలట్ ప్రాజెక్టు పెడితే ఒక చిన్న స్కూలు భవనం తీసుకుని, ఆ మేస్త్రీ ఫోన్ నుంచి కూడా ఎంట్రీ వేసే వీలిచ్చి చూడాలి.